హద్దులు లేని ఆట

పాఠం ఉద్దేశం: ఆట ద్వారా ఆరోగ్యావగాహన ఎలా కలిగించవచ్చునో తెలుసుకోవడం. స్వచ్ఛంద సేవ అంటే ఏమిటో, అందులోని మేలు ఎంతో, దానికి గల పరిమితులేమిటో గ్రహించడం. వ్యాధి పట్ల జాగ్రత్తను, వ్యాధిగ్రస్తుల పట్ల ఆదరాన్ని పెంపొందించుకోవడం.

క్రికెట్ తెలియని పిల్లవాడు మన దేశంలో అరుదు. పంట కోసిన పొలంలోనూ, బడి ఆవరణలోనూ, ఇరుకు సందులోనూ మూడు పుల్లలు పాతి, ఒక బంతి దొరికితే ఆట మొదలవుతుంది. బంతి గీత దాటితే నాలుగు పరుగులు. ఆ గీతనే బౌండరీ అంటాం. బౌండరీ అంటే హద్దు. హద్దులే లేని క్రికెట్ ఎక్కడైనా ఉంటుందా? ఉంటుందని నిరూపించిన కొందరిని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

2005వ సంవత్సరంలో బ్రిటన్‌లో కొందరు క్రికెట్ అభిమానులు ఒక సేవాసంస్థను నెలకొల్పారు. దాని పేరు ‘క్రికెట్ వితౌట్ బౌండరీస్’. అంటే ‘హద్దులు లేని క్రికెట్’ అని అర్థం. ఆఫ్రికా ఖండంలోని దేశాలకు స్వచ్ఛంద శిక్షకులను పంపి పిల్లలకు క్రికెట్ నేర్పడం, ఆ ఆటతో పాటే ఎయిడ్స్ వ్యాధిని గురించిన అవగాహన కలిగించడం ఈ సంస్థ ఆశయాలు. కెన్యా, ఉగాండా, రువాండా, బోట్స్‌వానా, కామెరూన్ వంటి దేశాలలో దీని శిక్షకులు పనిచేశారు. వారిలో ఆటను వృత్తిగా చేసుకున్నవారు కొద్దిమందే. తక్కినవారు తమ తమ ఉద్యోగాలకు సెలవు పెట్టి, విరాళాలు పోగుచేసుకొని, సుమారు రెండు వారాల పాటు పరాయి దేశంలో పనిచేసి వచ్చేవారు. ఈ సేవకు వారికి జీతం లేదు.

ఆటకూ వ్యాధికీ సంబంధమేమిటని మీకు సందేహం కలగవచ్చు. ముందుగా ఆ వ్యాధిని గురించి నాలుగు మాటలు తెలుసుకోవాలి.

ఎయిడ్స్‌ను 1981లో తొలిసారి గుర్తించారు. దానికి కారణమైన వైరస్‌ను 1983లో కనుగొన్నారు. ఆ వైరస్ పేరు హెచ్.ఐ.వి. అది మనిషిలోని రోగనిరోధక శక్తిని కొద్దికొద్దిగా హరిస్తుంది. చికిత్స లేకపోతే, సాధారణంగా నయమయ్యే జబ్బులు కూడా అట్టివారికి ప్రాణాంతకమవుతాయి. మన దేశంలో ఈ వైరస్ జాడను 1986లో చెన్నైలో కనుగొన్నారు. డాక్టర్ సునీతి సోలమన్ పర్యవేక్షణలో సెల్లప్పన్ నిర్మల అనే వైద్యవిద్యార్థిని సేకరించిన రక్త నమూనాలలో అది బయటపడింది. ఆ తరువాతి సంవత్సరాలలో దేశంలో ఈ వ్యాధి ఎక్కువగా వ్యాపించిన రాష్ట్రాలలో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. కనుక ఇది దూరదేశాల కథ మాత్రమే కాదు, మన ఇరుగుపొరుగుల కథ కూడా.

హెచ్.ఐ.వి. సోకే మార్గాలు ముఖ్యంగా నాలుగు: రక్షణ లేని లైంగిక సంబంధం, వైరస్ ఉన్న రక్తాన్ని ఎక్కించడం, ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడడం, తల్లి నుంచి బిడ్డకు సోకడం. ఒకే కంచంలో తిన్నా, చేయి కలిపినా, పక్కన కూర్చుని చదువుకున్నా, దోమ కుట్టినా ఇది సోకదు. ఒకరు ఆడిన బ్యాటును మరొకరు పట్టుకున్నా సోకదు.

విషయం ఇంత స్పష్టంగా ఉన్నా, ఈ వ్యాధి పేరు ఎత్తడానికే జనం జంకేవారు. తండ్రి కొడుకుతో మాట్లాడడు. ఉపాధ్యాయుడు పాఠం పక్కన పెడతాడు. రోగం ఉన్నదని తెలిస్తే ఊరు వెలివేస్తుందనే భయంతో మనిషి పరీక్షకే వెళ్ళడు. పరీక్ష లేదు గనుక మందు లేదు. మందు లేదు గనుక మరణం తప్పదు. ఈ వ్యాధి విషయంలో వైరస్‌తో పాటు మౌనం కూడా ప్రాణాలు తీసింది. ఆ మౌనాన్ని వదిలించడానికి ఆట ఒక సాధనమైంది.

మైదానంలో పాఠం

స్వచ్ఛంద శిక్షకులు వెళ్ళే పాఠశాలల్లో తోలు బంతులు, ఖరీదైన బ్యాట్లు ఉండవు. ప్లాస్టిక్ బ్యాట్లు, మెత్తని బంతులు, తేలికైన వికెట్లు చాలు. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా ఫరవాలేదు. పిల్లలు నలభై మంది ఉంటే నలభై మందీ ఆడాలి. ఒకడు ఆడుతుంటే తక్కినవారు చూస్తూ నిలబడడం అక్కడి పద్ధతి కాదు.

ఆట మధ్యలో శిక్షకుడు ఒక క్షణం ఆపుతాడు. “మీ వెనుక ఉన్న వికెట్ మీ ఆరోగ్యం అనుకోండి. వచ్చే బంతి వ్యాధి. మీ చేతిలోని బ్యాటు ఏమిటి?” అని అడుగుతాడు. పిల్లలు ఆలోచిస్తారు. ఒకరు “జాగ్రత్త” అంటారు, మరొకరు “తెలివి” అంటారు. ప్రతి బంతినీ కొట్టనక్కరలేదు, కొన్నిటిని వదిలివేయడమే నేర్పు అని క్రికెట్ ఆడేవారందరికీ తెలుసు. ఆ మాటనే సంయమనం అనే గుణానికి అన్వయించి చెప్పవచ్చు. సంయమనం, జీవిత భాగస్వామి పట్ల విశ్వాసం, తగిన రక్షణ అనే మూడు సూత్రాలను ఈ విధంగా వయసుకు తగిన మాటలతో పిల్లల చెవిన వేసేవారు.

ఆటల ద్వారా ఆరోగ్యం బోధించేవారు పలు దేశాలలో వాడే మరొక ఆట ఉంది. పిల్లలు రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలబడతారు. ఒక వరుసలోనివారు చేతులు వెనుక పెట్టుకొని ఒక చిన్న బంతిని ఒకరి నుంచి ఒకరికి అందిస్తారు. ఆపమన్న తరువాత ఆ బంతి ఎవరి చేతిలో ఉన్నదో రెండవ వరుసవారు చెప్పాలి. ముఖాలు చూసి ఊహిస్తారు. నవ్వినవాడి చేతిలో ఉందంటారు, తలదించుకొన్నవాడి చేతిలో ఉందంటారు. చాలాసార్లు ఊహ తప్పుతుంది. అప్పుడు శిక్షకుడు చెబుతాడు: “ముఖం చూసి బంతి ఎవరి వద్ద ఉన్నదో చెప్పలేకపోయారు. అలాగే మనిషిని చూసి హెచ్.ఐ.వి. ఉన్నదీ లేనిదీ చెప్పలేం. రక్తపరీక్ష ఒక్కటే దారి.” గంటసేపు ఉపన్యాసం చెప్పినా ఎక్కని విషయం ఈ ఐదు నిమిషాల ఆటలో మనసుకు పట్టుకుంటుంది.

ఇక్కడ శిక్షకుడు మరువరాని నియమం ఒకటి ఉంది. ఆ వరుసలో నిలబడిన పిల్లలలో పుట్టుకతోనే వైరస్ సోకినవారు ఉండవచ్చు. ఆ వ్యాధి వల్ల తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవారు ఉండవచ్చు. “మీలో ఎవరికైనా ఉన్నదా?” అని అడగరాదు. వ్యాధిని పాపమనీ, వ్యాధిగ్రస్తుడు నేరస్థుడనీ ధ్వనించే మాట ఒక్కటైనా దొర్లరాదు. జాగ్రత్త నేర్పబోయి భయం నేర్పితే, భయం నేర్పబోయి అసహ్యం నేర్పితే, ఆ బిడ్డ మరునాడు మైదానానికి రాడు. అతనికి మేలు చేయడానికి వచ్చినవారే కీడు చేసినవారవుతారు. కనుక ఈ పనికి ఆటలో నైపుణ్యం కంటే మాటలో సంస్కారం ముఖ్యం.

వేయి కొండల దేశం

రువాండా తూర్పు ఆఫ్రికాలోని చిన్న దేశం. దానిని ‘వేయి కొండల దేశం’ అంటారు. 1994 ఏప్రిల్‌లో అక్కడ ఘోరమైన జాతి సంహారం ప్రారంభమై సుమారు వంద రోజులు సాగింది. ఎనిమిది లక్షల మంది వరకు హతులయ్యారని అంచనా. ఆ రోజుల్లో అత్యాచారాలకు గురైన స్త్రీలలో అనేకులకు హెచ్.ఐ.వి. కూడా సోకింది.

రాజధాని కిగాలీ నగరంలోని కిచుకిరో ప్రాంతంలో ఒక సాంకేతిక విద్యాలయం ఉండేది. ప్రాణభయంతో పరుగెత్తిన రెండు వేల మందికి పైగా అక్కడ ఐక్యరాజ్యసమితి సైనికుల అండన తలదాచుకున్నారు. 1994 ఏప్రిల్ 11న ఆ సైనికులు విద్యాలయాన్ని విడిచి వెళ్ళిపోయారు. ఆశ్రయం పొందినవారిలో అత్యధికులు ఆ రోజే హత్యకు గురయ్యారు.

సంహారం ముగిసిన తరువాత, కెన్యా, ఉగాండా దేశాలలో ప్రవాసంలో పెరిగినవారు స్వదేశానికి తిరిగి వచ్చారు. వస్తూ వస్తూ తాము అక్కడ నేర్చుకున్న క్రికెట్‌ను వెంట తెచ్చారు. 1999లో రువాండా క్రికెట్ సంఘం ఏర్పడింది. తగిన మైదానం వేరే లేనందున, ఆ సాంకేతిక విద్యాలయం ఆవరణలోనే చాలా ఏళ్ళు ఆట సాగింది. ఒకప్పుడు రక్తం చిందిన చోట పిల్లలు బంతి వెంట పరుగులు తీశారు. గతాన్ని మరచి కాదు, గతాన్ని ఎరిగే ఆడారు.

2017 అక్టోబరులో కిగాలీ శివారులోని గహాంగాలో కొత్త క్రికెట్ మైదానం ప్రారంభమైంది. దాని నిర్మాణానికి కావలసిన నిధుల కోసం రువాండా జట్టు నాయకుడు ఎరిక్ దుసింగిజిమానా 2016 మే నెలలో 51 గంటల పాటు నెట్‌లో బ్యాటింగ్ చేసి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. 2023 జనవరిలో దక్షిణాఫ్రికాలో జరిగిన పందొమ్మిదేళ్ళ లోపు బాలికల తొలి ప్రపంచకప్ పోటీలో రువాండా జట్టు జింబాబ్వేను, వెస్టిండీస్‌ను ఓడించింది. ఆ కప్పును గెలుచుకున్నది మన భారత జట్టు. తెలంగాణలోని భద్రాచలానికి చెందిన గొంగడి త్రిష ఆ జట్టులో సభ్యురాలు. అంటే రువాండా కొండల మధ్య ఆట నేర్చిన బాలికలూ, గోదావరి ఒడ్డున పుట్టిన బాలికా ఒకే పోటీలో పాల్గొన్నారన్నమాట.

ఎర్రవస్త్రాల ఆటగాళ్ళు

కెన్యా పేరు మీరు క్రికెట్ చరిత్రలో విని ఉంటారు. 2003 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో భారత జట్టుకు ప్రత్యర్థి కెన్యాయే. ఆ దేశంలోని లైకిపియా ప్రాంతంలో మసాయి అనే పశుపాలక జాతివారు నివసిస్తారు. దక్షిణాఫ్రికాకు చెందిన అలియా బాయర్ అనే పరిశోధకురాలు బబూన్ జాతి కోతులను అధ్యయనం చేయడానికి ఆ ప్రాంతానికి వెళ్ళింది. క్రికెట్ మీది ఇష్టంతో అక్కడి బడిపిల్లలకు ఆట నేర్పసాగింది. చూస్తూ నిలబడిన మసాయి యువకులు తామూ నేర్చుకుంటామన్నారు. ఈటె విసరడంలో ఆరితేరిన చేతులకు బంతి విసరడం త్వరగానే పట్టుబడింది.

ఆ యువకులు తమ సంప్రదాయ ఎర్రవస్త్రాలతోనే, మెడలో పూసల హారాలతోనే మైదానంలో దిగుతారు. ‘మసాయి క్రికెట్ వారియర్స్’ అనే పేరుతో ప్రసిద్ధి పొందారు. 2013లో ఇంగ్లండు వెళ్ళి అంతర్జాతీయ పోటీలో ఆడారు. వారి కథ 2015లో చలనచిత్రంగా కూడా వచ్చింది. హద్దులు లేని క్రికెట్ సంస్థ శిక్షకులు వారికి తోడ్పడ్డారు.

అయితే వారి గొప్పతనం పరుగులలో లేదు. మసాయి సమాజంలో బాలికల శరీరానికి తీవ్రమైన హాని చేసే కోత ఆచారం, బాల్యవివాహం చాలాకాలంగా ఉన్నాయి. కోత ఆచారాన్ని కెన్యా ప్రభుత్వం 2011లో చట్టం ద్వారా నిషేధించింది. చట్టం కాగితం మీద ఉంటే చాలదు, ఇంటి పెద్దల మనసులు మారాలి. ఈ యువకులు పిల్లలకు క్రికెట్ నేర్పుతూ, ఎయిడ్స్ గురించీ, ఆడపిల్లల చదువు గురించీ, ఆ దురాచారం వల్ల కలిగే కీడు గురించీ మాట్లాడారు. పెద్దల ఎదుట యువకులు నోరు మెదపడమే కష్టమైన సమాజంలో, చెల్లెళ్ళ పక్షాన అన్నలు పెదవి విప్పారు. పరాయి దేశపు శిక్షకుడు చెబితే ‘మా ఆచారం నీకేం తెలుసు?’ అనగలరు. కన్నకొడుకు అడిగితే అలా అనలేరు కదా!

రెండు వారాల తరువాత

ఇక్కడ ఆలోచించవలసిన ప్రశ్న ఒకటి ఉంది. రెండు వారాలకు వచ్చిపోయే అతిథి ఒక దేశపు ఆరోగ్యాన్ని మార్చగలడా? ఒంటరిగా మార్చలేడు. ఫొటోలు తీయించుకొని వెళ్ళిపోతే ఆ యాత్ర వినోదయాత్రే అవుతుంది. అందుకే హద్దులు లేని క్రికెట్ సంస్థ పిల్లలకు ఆట నేర్పడంతో సరిపెట్టుకోలేదు. స్థానిక ఉపాధ్యాయులకు, యువకులకు శిక్షణ ఇవ్వడం ప్రధానమైన పనిగా పెట్టుకుంది. శిక్షకుడు విమానం ఎక్కిన మరునాడు కూడా ఆ బడిలో ఆట ఆగకూడదు, ఆ మాట ఆగకూడదు.

దీనికి మరొక కారణం భాష. రువాండాలో ప్రజల మాతృభాష కిన్యరువాండా. బయటి నుంచి వచ్చినవాడు ‘మురాహో’ అని పలకరించడం, ‘మురకోజె’ అని కృతజ్ఞత చెప్పడం నేర్చుకుంటే పిల్లల ముఖాలు వికసిస్తాయి. కాని దేహం గురించి, జబ్బు గురించి, భయం గురించి మాట్లాడడానికి ఆ రెండు మాటలు చాలవు. అది ఇంటి భాషలోనే సాధ్యం. హోసూరులోనో, బళ్ళారిలోనో, షోలాపురంలోనో, పర్లాకిమిడిలోనో, యానాంలోనో చదువుకునే మీకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అంగడిలో ఒక భాష, కార్యాలయంలో ఒక భాష మాట్లాడినా, ఒంట్లో బాగాలేనప్పుడు అమ్మతో చెప్పుకొనేది తెలుగులోనే కదా.

ఈ శ్రమకు ఫలితమేమిటి? ప్రపంచంలో కొత్తగా హెచ్.ఐ.వి. సోకినవారి సంఖ్య 1995 ప్రాంతంలో ఏడాదికి 33 లక్షలకు చేరింది. 2023 నాటికి అది 13 లక్షలకు తగ్గింది. ఎయిడ్స్ మరణాలు 2004లో 21 లక్షలు కాగా, 2023లో సుమారు 6 లక్షల 30 వేలు. వైరస్ ఉన్నవారిలో నూటికి 95 మందికి ఆ సంగతి తెలియాలని, తెలిసినవారిలో నూటికి 95 మంది మందు వాడాలని, వాడేవారిలో నూటికి 95 మందిలో వైరస్ అదుపులోకి రావాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. 2023 నాటికి ఆ లక్ష్యాన్ని చేరుకున్న అతికొద్ది దేశాలలో రువాండా ఒకటి. ఒకనాడు శిథిలమైన దేశం అనేక సంపన్న దేశాలకంటే ముందు నిలిచింది.

ఈ విజయం క్రికెట్‌ది అనడం సరికాదు. ఇది మందులు కనుగొన్న శాస్త్రవేత్తలది, కొండలెక్కి ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య కార్యకర్తలది, ధైర్యంగా పరీక్షకు వచ్చిన సామాన్యులది. ఆట చేసిన పని చిన్నది, కాని అవసరమైనది. పలకడానికి జంకే మాటను పిల్లల నోట మామూలు మాటగా చేసింది.

నేడు హెచ్.ఐ.వి.ని పూర్తిగా తొలగించే మందు అందరికీ అందుబాటులో లేదు. కాని క్రమం తప్పక మందులు వాడేవారు అందరిలాగే నిండు జీవితం గడపగలరు. మందుల వల్ల పరీక్షలో కనబడనంతగా వైరస్ తగ్గి, ఆ స్థితి నిలిచినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా అది ఇతరులకు సోకదు. గర్భిణికి సకాలంలో చికిత్స జరిగితే బిడ్డకు సోకే అవకాశం చాలా తక్కువ. మన దేశంలో 2017లో చేసిన చట్టం ప్రకారం హెచ్.ఐ.వి. ఉన్నవారిని చదువులోగాని, ఉద్యోగంలోగాని, వైద్యంలోగాని వేరుగా చూడడం నిషిద్ధం. సందేహాలున్నవారు 1097 అనే నంబరుకు రుసుము లేకుండా ఫోను చేసి తెలుసుకోవచ్చు.

సేవ చేయడానికి సముద్రాలు దాటాలన్న నియమం లేదు. మీ బడి మైదానంలో ఆడడానికి పిలవని పిల్లవాడు ఎవరైనా ఉన్నాడేమో చూడండి. అతని ఇంట్లో ఏదో జబ్బు ఉందని పెద్దలు గుసగుసలాడుతుండవచ్చు. బంతి అతని చేతికి ఇవ్వండి. మీ ఆటలో హద్దు బంతికే ఉండాలి గాని, మనిషికి ఉండకూడదు.

కొత్త పదాలు – అర్థాలు

స్వచ్ఛంద సేవ = ప్రతిఫలం కోరక, తన ఇష్టంతో చేసే సేవ
సంయమనం = మనసును అదుపులో ఉంచుకోవడం
అవగాహన = చక్కగా తెలుసుకోవడం
హతులు = చంపబడినవారు
ప్రవాసం = సొంత ఊరు, దేశం విడిచి ఉండడం
పశుపాలకులు = పశువులను పెంచి జీవించేవారు
శిథిలం = పాడుపడినది, కూలిపోయినది

ప్రశ్నలు – అభ్యాసాలు

అ) ఈ కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. ‘హద్దులు లేని క్రికెట్’ సంస్థ ఆశయాలు ఏవి?
2. హెచ్.ఐ.వి. ఏయే మార్గాలలో సోకుతుంది? ఏయే పనుల వల్ల సోకదు?
3. దాచిన బంతి ఆట వల్ల పిల్లలు గ్రహించే సత్యమేమిటి?
4. “మీలో ఎవరికైనా ఉన్నదా?” అని శిక్షకుడు ఎందుకు అడగరాదు?

ఆ) ఈ కింది ప్రశ్నలకు పది వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. “ఈ వ్యాధి విషయంలో వైరస్‌తో పాటు మౌనం కూడా ప్రాణాలు తీసింది.” ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. రువాండా సాధించిన విజయం క్రికెట్‌ది కాదని పాఠంలో ఎందుకు చెప్పారు? మీరు ఏకీభవిస్తారా? కారణాలు తెల్పండి.

ఇ) ఈ జాతీయాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.
చెవిన వేయు, పెదవి విప్పు, నోరు మెదపు, తలదాచుకొను, వెలివేయు

ఈ) కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
ఆరోగ్యావగాహన, విద్యార్థి, విద్యాలయం, ప్రాణాంతకం

ఉ) చేసి చూడండి.
మీ ఊరిలో తరచుగా వచ్చే ఒక జబ్బును (మలేరియా, డెంగీ, అతిసారం వంటివి) ఎన్నుకొని, దాని నివారణను తెలిపే ఒక ఆటను మీ తరగతివారు కలసి రూపొందించండి. ఆట నియమాలను తెలుగులో రాసి, మీ ప్రాంతపు భాషలోకి కూడా మార్చి, చిన్న తరగతుల పిల్లలచేత ఆడించండి.